రిచర్డ్ క్రోకర్ (1843–1922)

న్యూయార్కు నగరమున డెమోక్రాటిక్ పక్షమునకు ఆయువుపట్టైన టామనీ హాలు అను సంస్థకు 1886 మొదలు 1901 వఱకు అధినేతగా నుండి, స్థిరాస్తుల విక్రయ వ్యాపారమునందును భాగస్వామియై, రాజకీయ ప్రాబల్యమును స్వీయార్జనకు సాధనముగా మలచుకొన్న పురుషుడు రిచర్డ్ క్రోకర్.

ఇతడు ఐర్లండు దేశమున కార్క్ మండలమునందు 1843 నవంబరు 24వ తేదీన జన్మించి, ఆ దేశమును ఘోరక్షామము పీడించుచున్న దినములలో తల్లిదండ్రులతో అమెరికాకు వలస వచ్చెను. చదువు స్వల్పము, రైలు కర్మాగారమున యంత్రపు పని నేర్చెను, పిడికిలి బలమున ఒక వీథిముఠాకు నాయకుడయ్యెను, పిదప టామనీలో చేరెను. వలస వచ్చిన నిరుపేదలకు ఉద్యోగము చూపుట, చలికాలమున బొగ్గు పంపుట, పోలీసులు పట్టుకొన్నవానికి జామీను సమకూర్చుట, అందుకు ప్రతిగా వారి వోట్లను పొందుట టామనీ పద్ధతి. ప్రభుత్వము చేయని ఉపకారమును ఆ సంస్థ చేసినదనుట సత్యము. దాని బలమునకు మూలమిదియే.

నగరసభలో సభ్యత్వము, పిమ్మట అపమృత్యువులను విచారించు కరొనరు పదవి ఇతనికి క్రమముగా లభించెను. 1874లో ఎన్నికలనాటి కొట్లాటయందు ఒకడు తుపాకిదెబ్బకు మరణింపగా క్రోకరుపై హత్యాభియోగము వచ్చెను గాని, జ్యూరీ సభ్యులు ఏకాభిప్రాయమునకు రాలేకపోవుటచే విడుదలయ్యెను. 1886లో జాన్ కెల్లీ మరణించుటతో టామనీ నాయకత్వము ఇతని చేతికి వచ్చెను. మేయరు పదవికి 1888లో హ్యూ గ్రాంటును, 1892లో థామస్ గిల్‌రాయిని గెలిపించెను. పోలీసు శాఖలోని లంచములను 1894లో లెక్సో విచారణసంఘము బయటపెట్టగా టామనీ ఓడెను. క్రోకరు ఇంగ్లండునకు తరలి, మూడేండ్లకు మరలివచ్చి, 1898లో ఏర్పడిన న్యూయార్కు బృహన్నగరమునకు రాబర్ట్ వాన్ వైక్‌ను మొదటి మేయరుగా నిలిపెను.

ఇతని వ్యాపారమును కొంత విపులముగా చెప్పవలసియున్నది. పీటర్ మేయర్ అను స్థిరాస్తుల వేలందారునితో క్రోకరు భాగస్వామి. తాకట్టు తీరని ఇండ్లను, వారసులు పంచుకొనజాలని స్థలములను న్యాయస్థానము వేలము వేయింపవలసివచ్చినపుడు, ఆ పని ఏ వేలందారునకు దక్కిన ఆ కమీషను వానిది. ఆనాడు న్యూయార్కు న్యాయాధిపతులు ఎన్నికలలో నెగ్గి పదవికి వచ్చువారు. నగరమున టామనీ నిలిపినవారికి గెలుపు సులభము. కావున న్యాయపీఠము నెక్కింపగల వ్యక్తియు, ఆ పీఠపు ఉత్తరువువలన కమీషను పొందు వ్యక్తియు ఒక్కడే అయ్యెను.

టామనీ సూచించిన వ్యక్తికి న్యాయస్థానమున ఉద్యోగమీయ నిరాకరించిన జోసెఫ్ డేలీ అను న్యాయమూర్తికి 1898లో క్రోకరు మరల అభ్యర్థిత్వము దక్కనీయలేదు. ఈ అన్యాయమునే ప్రజలయెదుట నిలిపి ప్రచారము చేసిన థియొడోర్ రూజ్వెల్టు ఆ యేడు రాష్ట్ర గవర్నరుగా నెగ్గెను. మరుసటి యేట రాష్ట్ర శాసనసభ నియమించిన మాజెట్ సంఘము యెదుట, న్యాయవాది ఫ్రాంక్ మాస్ ప్రశ్నలపై ప్రశ్నలు వేయగా, న్యాయస్థానపు వేలముల లాభమున తనకు వాటా ఉన్నదని క్రోకరు అంగీకరించెను. పక్షము నిలబెట్టిన న్యాయాధిపతులు పక్షమువారిని ఆదరించుట సహజమనెను. స్వలాభమునకే పనిచేయుదురుగదా యని మాస్ నిలదీయగా, ఎల్లవేళల తన జేబుకొఱకే, తమవలెనే, యని బదులు చెప్పెను. ఆ ఒప్పుకోలు ఇతనిని నీడవలె వెంటాడెను.

మంచుగడ్డల వ్యాపారమున గుత్తాధిపత్యము వహించిన కంపెనీ 1900లో ధర పెంచగా, మేయరు వాన్ వైక్‌కు అందు వాటాలున్నట్లు తెలియవచ్చి పేదల ఆగ్రహము పెచ్చుపెరిగెను. 1901లో సెత్ లో మేయరుగా నెగ్గుటతో క్రోకరు ఆధిపత్యము ముగిసెను. అనంతర జీవితమును ఇంగ్లండు, ఐర్లండులలో గుఱ్ఱముల పెంపకమున గడపెను. 1907లో ఇతని గుఱ్ఱము ఆర్బీ ఎప్సమ్ డెర్బీని గెలుచుకొనెను. డబ్లిను సమీపమున 1922 ఏప్రిలు 29వ తేదీన మరణించెను.

క్రోకరు పేదకుటుంబములకు తోడ్పడినవాడే యైనను, న్యాయస్థానపు విక్రయములలో వాటా గొన్నందున ఇతని నాయకత్వమును నిర్దోషమని చెప్పుటకు వీలులేదు. ఆ వేలముల సొమ్మునకై ఇతడెన్నడును శిక్షింపబడలేదు.