రెండుసార్లు కాళ్లకు ఆపరేషన్, ఐదు ఒలింపిక్ పతకాలు: ఐస్ డాన్సర్ టెస్సా వర్చూ

కెనడాకు చెందిన టెస్సా వర్చూ, స్కాట్ మోయిర్ జోడీకి ఐస్ డాన్స్‌లో ఐదు ఒలింపిక్ పతకాలున్నాయి. మూడు స్వర్ణాలు, రెండు రజతాలు. ఫిగర్ స్కేటింగ్ మొత్తంలో ఇన్ని ఒలింపిక్ పతకాలు గెలిచినవాళ్లు ఇంకెవరూ లేరు. ఈ లెక్క చాలామందికి తెలుసు. కానీ టెస్సా రెండుసార్లు ఆపరేషన్ బల్ల ఎక్కిందని, మొదటి ఒలింపిక్ స్వర్ణం ఆ రెండు ఆపరేషన్ల మధ్యలోనే వచ్చిందని తెలిసినవాళ్లు తక్కువ.

టెస్సా 1989 మే 17న ఒంటారియో రాష్ట్రంలోని లండన్ నగరంలో పుట్టింది. ఇంగ్లండ్‌లోని లండన్ కాదు, కెనడాలో కూడా అదే పేరుతో ఒక ఊరుంది. స్కాట్ ఆమె కంటే దాదాపు రెండేళ్లు పెద్ద. అతనిది ఆ పక్కనే ఉన్న ఇల్డర్టన్. స్కాట్ దగ్గరి బంధువు ఒకావిడ స్కేటింగ్ కోచ్. 1997లో ఈ ఇద్దరు పిల్లల్నీ జోడీగా కలిపింది ఆవిడే. అప్పుడు అమ్మాయికి ఏడేళ్లు, అబ్బాయికి తొమ్మిది. ఆ రోజు నుంచి 2019లో రిటైర్ అయ్యేదాకా ఇద్దరూ జోడీ మార్చలేదు. ఈ ఆటలో ఇది అరుదైన విషయం.

ఐస్ డాన్స్ అంటే ఏమిటో కూడా రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. ఫిగర్ స్కేటింగ్‌లో జోడీలు ఆడే పోటీలు రెండు. ఒకదాంట్లో అమ్మాయిని గాల్లోకి విసరడం, తల మీదికెత్తి తిప్పడం, పెద్ద పెద్ద జంపులు ఉంటాయి. ఐస్ డాన్స్‌లో అవి ఉండవు. పాటకు, తాళానికి తగ్గట్టు ఇద్దరూ ఒకరికొకరు దగ్గరగా ఉంటూ, బ్లేడు అంచుల మీద ఒరిగి జారుతూ అడుగులు వేయాలి. 1976 నుంచి ఇది ఒలింపిక్స్‌లో ఉంది. జంపులు లేవు కదా, తేలికే అనుకుంటాం. నిజానికి నాలుగు నిమిషాల పాటు మోకాళ్లు వంచి, చీలమండ బిగించి, ఒంటి కాలి అంచు మీద బరువంతా మోస్తూ పోతుంటే పిక్కలకు, కాలి ముందు భాగంలోని కండరాలకు విరామమే ఉండదు. టెస్సాకు దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే.

ఆమెకు వచ్చిన సమస్యను డాక్టర్లు క్రానిక్ ఎగ్జర్షనల్ కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. పేరు పెద్దదే గానీ విషయం అర్థం కానిదేమీ కాదు. మోకాలి కింద కాలి కండరాలు నాలుగు అరలుగా ఉంటాయి. ఒక్కో అర చుట్టూ గట్టి పొర ఉంటుంది. వ్యాయామం చేసేటప్పుడు కండరంలోకి రక్తం ఎక్కువగా వచ్చి అది ఉబ్బుతుంది. మామూలు మనిషికి ఆ ఉబ్బుకు చోటు సరిపోతుంది. కొందరిలో చుట్టూ ఉన్న పొర సాగదు. బిగుతుగా కుట్టిన దిండు గలీబులో దూది ఇంకా ఇంకా కూరినట్టు అవుతుంది పరిస్థితి. లోపల ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ తగ్గుతుంది, నరాలు నొక్కుకుంటాయి. కాలు రాయిలా బిగుసుకుపోతుంది, నొప్పి పెడుతుంది, ఒక్కోసారి పాదం తిమ్మిరెక్కుతుంది. ఆపి కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంది.

ఈ తగ్గిపోవడమే పెద్ద చిక్కు. డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి నొప్పి ఉండదు, ఎక్స్‌రేలో ఏమీ కనబడదు. అలసట అనో, ఎముక మీద వాపు అనో చెప్పి పంపేయడం మామూలు. ఖచ్చితంగా తెలియాలంటే కండరంలోకి సూది పెట్టి లోపలి ఒత్తిడి కొలవాలి. ముందు విశ్రాంతిగా ఉన్నప్పుడు, తర్వాత పరిగెత్తించి ఒక నిమిషానికి, మళ్లీ ఐదు నిమిషాలకు. బీపీ కొలిచే యూనిట్‌లోనే దీన్నీ కొలుస్తారు. విశ్రాంతిలో 15, ఒక నిమిషానికి 30, ఐదు నిమిషాలకు 20, వీటిలో ఏ ఒక్కటి ఆ అంకెను తాకినా, దాటినా సమస్య ఉన్నట్టే అని డాక్టర్లు చాలాకాలంగా వాడుతున్న కొలత. స్కేటర్లకే కాదు, పరుగు పందేల వాళ్లకు, సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకు ఇది ఎక్కువగా కనబడుతుంది. కానిస్టేబుల్ సెలెక్షన్ల కోసం గ్రౌండ్‌లో రోజూ పరిగెత్తే మన కుర్రాళ్లు కూడా, ప్రతిసారీ అదే దూరానికి రెండు పిక్కలూ బిగుసుకుపోతుంటే ఊరికే బామ్ రాసి వదిలేయకుండా ఒకసారి ఎముకల డాక్టర్‌కు చూపించుకోవడం మంచిది.

ఆట మానేస్తే నొప్పి పోతుంది. ఆట కావాలంటే చివరికి మిగిలేది ఆపరేషన్. బిగుతుగా ఉన్న పొరను పొడుగ్గా కోసి వదులు చేస్తారు. టెస్సాకు మొదటిసారి ఇది 2008 అక్టోబర్‌లో జరిగింది. అప్పుడామె వయసు 19. అదే ఏడాది మార్చిలో గోథెన్‌బర్గ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో ఈ జోడీ రజతం గెలిచింది. వాంకూవర్ ఒలింపిక్స్‌కు ఇంకా 16 నెలలే ఉంది. సొంత దేశంలో ఒలింపిక్స్, చేతిలో ప్రపంచ పతకం, కాళ్లకేమో కట్లు.

ఇద్దరూ అప్పుడు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం కాంటన్‌లో శిక్షణ తీసుకుంటున్నారు. ఆపరేషన్ తర్వాత టెస్సా ఇంటికి వెళ్లిపోయింది. స్కాట్ ఒక్కడే రింక్‌లో మిగిలాడు. జోడీ ఆటలో ఒక్కడు ఏం చేస్తాడు? ఇసుక మూటలు, హాకీ కర్రలు పట్టుకుని, టెస్సా ఉండాల్సిన చోట వాటిని పెట్టుకుని ప్రాక్టీసు చేశాడు. ఈ సంగతి చదివినప్పుడు నవ్వొస్తుంది. కానీ ఆ రెండు నెలల్లో అసలు నష్టం జరిగింది కాళ్లకు కాదు. ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయాయి. చిన్నప్పటి నుంచి రోజూ కలిసి ఉన్నవాళ్లు ఫోన్ చేసుకోలేదు. ఏం మాట్లాడాలో అతనికి తెలియలేదు, తనను పక్కన పెట్టేశారని ఆమెకు అనిపించింది. తిరిగి మంచు మీదికి వచ్చాక కూడా ఆ దూరం పోవడానికి చాలాకాలం పట్టిందని ఇద్దరూ తర్వాత దాచకుండా చెప్పారు. గాయం ఒక్కరిదే అయినా జోడీలో ఇద్దరూ దాని బిల్లు కడతారు.

2009 జనవరిలో కెనడా జాతీయ పోటీలకు తిరిగొచ్చి గెలిచారు. ఆ ఏడాది లాస్ ఏంజెలెస్ ప్రపంచ పోటీల్లో కాంస్యం. ఆపరేషన్ అయిన ఆరు నెలల్లోపే ఇదంతా.

తర్వాత 2010 ఫిబ్రవరి, వాంకూవర్. అప్పటికి నొప్పి మళ్లీ తిరిగొచ్చింది. ఆ సంగతి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. ప్రేక్షకులు చూసింది మాలర్ సింఫనీ మీద నవ్వుతూ, తేలిపోతూ స్కేట్ చేసిన అమ్మాయిని. స్కోరు 221.57. స్వర్ణం. ఐస్ డాన్స్‌లో ఉత్తర అమెరికాకు అదే మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం, అంతకుముందు అన్నీ యూరప్ జోడీలవే. ఆమెకు 20, అతనికి 22. అంత చిన్న వయసులో ఈ పతకం గెలిచిన జోడీ అంతకుముందు లేదు. వచ్చే నెలలోనే టురిన్‌లో ప్రపంచ టైటిల్ కూడా తెచ్చుకున్నారు.

సరిగ్గా రెండేళ్లకు, 2010 అక్టోబర్‌లో, రెండో ఆపరేషన్. ఈసారి కాలి ముందు భాగంతో పాటు పిక్కలకు కూడా. ఒకసారి పొర కోశాక మళ్లీ నొప్పి రావడం ఈ సమస్యలో ఉన్నదే. కోసిన చోట మచ్చ కట్టి గట్టిపడొచ్చు, లేదా మొదటిసారి వదిలేసిన అర ఇబ్బంది పెట్టొచ్చు. ఒలింపిక్ ఛాంపియన్ అయ్యాక వచ్చిన తొలి సీజన్ చాలావరకు అలా ఇంట్లోనే గడిచింది. డిసెంబర్‌లో గానీ శిక్షణ మొదలవలేదు. జాతీయ పోటీలు వదులుకున్నారు. 2011 ఫిబ్రవరిలో తైపేలో ఫోర్ కాంటినెంట్స్ పోటీలో దిగి షార్ట్ డాన్స్‌లో మొదటి స్థానంలో నిలిచారు. ఫ్రీ డాన్స్ మధ్యలో టెస్సా ఎడమ తొడ కండరం బిగుసుకుపోయింది. ఆపేసి, పోటీ నుంచి తప్పుకున్నారు.

మొండిగా పూర్తి చేస్తే బాగుండేదని అనేవాళ్లు ఉంటారు. కానీ లిఫ్ట్ మధ్యలో కాలు పట్టు తప్పితే పడేది ఇద్దరూ. ఆపడమే సరైన లెక్క. రెండు నెలల తర్వాత ప్రపంచ పోటీల్లో రజతం గెలిచారు, మరుసటి ఏడాది నీస్‌లో స్వర్ణం. 2013లో ఒసాకాలో మళ్లీ అదే సీన్. ఫ్రీ డాన్స్ మధ్యలో కాళ్లు బిగుసుకుని ఆగారు. ఈసారి కొన్ని నిమిషాల విరామం తర్వాత మిగతాది పూర్తి చేసి రజతం పట్టుకెళ్లారు.

2014 సోచిలో స్వర్ణం చేజారింది. తమతో కలిసి ఒకే కోచ్ దగ్గర పెరిగిన అమెరికా జోడీ మెరిల్ డేవిస్, చార్లీ వైట్ గెలిచారు. వర్చూ, మోయిర్‌కు జోడీ పోటీలో, టీమ్ పోటీలో రెండు రజతాలు. తర్వాత రెండేళ్లు పోటీలకు దూరం. చాలామంది వీళ్ల కథ అయిపోయిందనుకున్నారు.

2016లో తిరిగొస్తున్నామని ప్రకటించి, మాంట్రియల్‌లో కొత్త కోచ్‌లు మేరీ ఫ్రాన్స్ డుబ్రూయ్, పాట్రిస్ లోజోన్ దగ్గర చేరారు. అక్కడే ప్రధాన ప్రత్యర్థులైన ఫ్రాన్స్ జోడీ పపడాకిస్, సిజరోన్ కూడా శిక్షణ తీసుకుంటున్నారు. ఒకే రింక్, ఒకే కోచ్‌లు, లక్ష్యం కూడా ఒకటే. ఈ రెండో ఇన్నింగ్స్‌లో పాత పద్ధతి కొనసాగించలేదు. కాళ్ల మీద భారం తగ్గేలా స్కేటింగ్ తీరును, వ్యాయామాన్ని మళ్లీ మొదటి నుంచి సరిచూసుకున్నారు. మానసిక కోచ్ సాయం తీసుకున్నారు. 2016-17 సీజన్‌లో ఒక్క పోటీ కూడా ఓడలేదు.

2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో కెనడా జెండా పట్టింది వీళ్లిద్దరే. టీమ్ స్వర్ణం ముందుగా వచ్చింది. జోడీ పోటీలో షార్ట్ డాన్స్‌కు 83.67, 'మూలాన్ రూజ్' సంగీతం మీద ఫ్రీ డాన్స్‌కు 122.40. మొత్తం 206.07. ఫ్రెంచ్ జోడీకి 205.28. ఫ్రీ డాన్స్ వరకు చూస్తే ఫ్రెంచ్ వాళ్లకే ఎక్కువ మార్కులు. కానీ షార్ట్ డాన్స్‌లో పపడాకిస్ డ్రెస్ మెడ దగ్గర ఊడిపోయి ఆమె ఇబ్బంది పడింది, అక్కడ తగ్గిన మార్కులు తిరిగి రాలేదు. మొత్తం తేడా 0.79. పదేళ్ల ఆపరేషన్లు, ఫిజియోథెరపీ, తిరిగి రావడాలు అన్నీ ఒక పాయింట్ కూడా లేని తేడాతో తేలాయి.

ఈ ఆటలో ఇలాంటి కష్టం టెస్సా ఒక్కరిదే కాదు. కెనడాకే చెందిన కైట్లిన్ వీవర్ 2012 డిసెంబర్‌లో కాలి ఎముక విరగ్గొట్టుకుని, మూడు నెలల్లో ప్రపంచ పోటీలకు వచ్చి ఐదో స్థానంలో నిలిచింది. పైపర్ గిలెస్‌ది ఇంకో రకం. 2023 జనవరి జాతీయ పోటీలకు దూరమైనప్పుడు అపెండిక్స్ ఆపరేషన్ అన్నారు. మార్చిలో ప్రపంచ కాంస్యం గెలిచింది. మేలో ఆమె అసలు విషయం చెప్పింది: అండాశయ క్యాన్సర్, మొదటి దశలో దొరికింది, అండాశయం తీసేశారు. ఆడవాళ్లు ఒంట్లో తేడాను పట్టించుకోవాలనే ఉద్దేశంతోనే బయటపెట్టానంది. మరుసటి ఏడాది మాంట్రియల్‌లో ప్రపంచ రజతం.

టెస్సా, స్కాట్ 2019 సెప్టెంబర్‌లో రిటైర్మెంట్ ప్రకటించారు. మరుసటి ఏడాది ఇద్దరికీ ఆర్డర్ ఆఫ్ కెనడా గౌరవం దక్కింది. టెస్సా ఎంబీఏ చదివి డెలాయిట్ కన్సల్టింగ్ సంస్థతో కలిసి పనిచేస్తోంది. స్కాట్ సొంతూరి పక్కన, ఒంటారియో లండన్‌లోనే, మాంట్రియల్ అకాడమీ శాఖలో కొత్త జోడీలకు కోచింగ్ ఇస్తున్నాడు.