వాటాల్లో తేలని బారోమీటర్

ఒరేయ్, ఆ దుంగ కాస్త లోపలికి తొయ్యి, పొగంతా ఇటే వస్తోంది. ఆఁ, అంతే. బారోమీటర్ సంగతి కదూ అడిగావు?

మా నాన్న పోయిన మరుసటేడు బందరులో వాటాలు వేసుకున్నాం. పొలం కొలిపించాం, ఇత్తడి సామాను కాటా వేశాం, అమ్మ నగలు కంసాలి చేత తూకం కట్టించాం. అన్నిటికీ ధర తేలింది గానీ సావిట్లో గోడకి వేలాడే ఆ బారోమీటర్ దగ్గర ఆగిపోయాం. మూడడుగుల పైచిలుకు పొడుగు, ఎర్రటి మహాగని చెక్క, మధ్యలో గాజు గొట్టం, అడుగున పాదరసం నిలవుండే బుడ్డి. రేవులో ఓడల ఏజెంటు కొట్టు ఎత్తేసినప్పుడు, అక్కడ గుమాస్తాగా చేసిన మా తాతకి బాకీపడ్డ జీతం కింద దొరలు ఇచ్చిపోయిన వస్తువది. ముగ్గురన్నదమ్ములం. ఒకరు ఉంచుకుంటే మిగతా ఇద్దరికీ ఎంత కట్టివ్వాలో చెప్పగలవాడు ఊళ్ళో లేడు.

మా నాన్న రోజూ పొద్దున పదింటికీ, సాయంత్రం నాలుగింటికీ, మళ్ళీ రాత్రి పదింటికీ దాన్ని చూసి లెక్కల పుస్తకంలో రాసేవాడు. ఆ వేళలకో కారణం ఉంది. మన వైపు గాలి బరువు రోజుకి రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. పొద్దున పది ప్రాంతంలో పాదరసం ఎక్కుతుంది, సాయంత్రం నాలుగయ్యేసరికి దిగుతుంది. రాత్రి పదికి మళ్ళీ ఎక్కి, తెల్లవారుజామున మళ్ళీ దిగుతుంది. తేడా అంగుళంలో పదోవంతు ఉంటుందేమో, అంతే. పలక మీద ‘తుఫాను’, ‘వాన’, ‘మార్పు’, ‘నిర్మలం’ అని ఇంగ్లీషులో చెక్కి ఉండేది, 28 నుంచి 31 అంగుళాల దాకా. అవి లండన్ ఆకాశానికి రాసుకున్నవి. మనకి ఆషాఢమంతా, వాన పడ్డా ఎండ కాసినా, పాదరసం 29న్నర దగ్గరే, ‘మార్పు’ అన్నచోటే నిలబడుతుంది. నాన్న ఆ రాతల జోలికే పోయేవాడు కాదు. ఎక్కాల్సిన వేళకి ఎక్కిందా లేదా, అదొక్కటే చూసేవాడు.

1977 నవంబరు 18 రాత్రి పదింటికి అది ఎక్కలేదు. మర్నాడు శనివారం, పొద్దున పదింటికీ ఎక్కలేదు సరికదా, చూస్తూండగానే దిగుతోంది. నాన్న తడిక ఇళ్ళవాళ్ళందర్నీ పిలుచుకొచ్చి మా డాబాలో కూర్చోబెట్టాడు. ఆ సాయంత్రమే దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. పదివేల మందికి పైగా పోయారు. అంతకుముందు 1864 నవంబరు 1న బందరునే సముద్రం ముంచినప్పుడు ముప్పై వేల మంది పోయారంటారు. అప్పటికి మన దేశంలో వాతావరణ శాఖే లేదు, అది పెట్టింది 1875లో. అందుకే ఆ గొట్టమంటే మా నాన్నకి అంత గురి.

సరే, వాటాల దగ్గర ఆగాం కదూ. మద్రాసు నుంచి పాత సామాన్ల వ్యాపారి ఒకడొచ్చాడు. చెక్క మీద చెయ్యేసి నిమిరి, మూడొందలన్నాడు. పాదరసం సీసాలోకి వంపేసి, ఆ ఖాళీలో గడియారం బిగించి హోటళ్ళకి అమ్ముకుంటాట్ట. మెరుస్తూ ఉంటే ఇంకో యాభై వేస్తానన్నాడు. ఆ మాట విని మా వదిన చింతపండు పట్టుకొస్తే అమ్మ అడ్డంపడింది. మంచిదైంది. ఆ పలక ఇత్తడిదే గానీ పైన సన్నటి వెండి పూత. తోమితే పూతా పోయేది, గీతలూ పోయేవి, దాంతో సగం విలువా పోయేది.

తర్వాత విశాఖపట్నం నుంచి ఓ కెప్టెన్ గారు వచ్చారు, ఓడల మీద చేసి రిటైరైన మనిషి. ఆయన ధర ఊసే ఎత్తలేదు. ముందు వేలికున్న ఉంగరం తీసి జేబులో వేసుకున్నారు, ఎక్కడన్నా పాదరసం కారుతుంటే బంగారాన్ని పట్టేస్తుందని. గోడ మీంచి దించి, రెండు చేతులా పట్టుకుని, మెల్లిగా, చాలా మెల్లిగా పక్కకి వంచారు. పాదరసం గొట్టంలో పైకి పాకి చివర తగిలి ‘టక్’మంది, నాపరాయి మీద గోలీ పడ్డట్టు. ఆయన మొహం వెలిగింది.

“గొట్టం పైన శూన్యం చెక్కుచెదర్లేదు బాబూ. గాలి దూరితే చప్పుడు మెత్తగా వస్తుంది,” అన్నారు. ఇటలీలో టోరిసెల్లి 1643లో కనిపెట్టింది ఆ శూన్యాన్నేనట. గాలి బరువుకి పాదరసం ముప్పై అంగుళాలు నిలబడుతుంది, నీళ్ళతో చెయ్యాలంటే ముప్పై నాలుగడుగుల గొట్టం కావాలి.

తర్వాత భూతద్దం తీశారు. పలక మీద నెగ్రెట్టి అండ్ జాంబ్రా, హోల్బర్న్ వయడక్ట్, లండన్ అని ఉంది. ఆ వంతెన తెరిచిందే 1869లో, కాబట్టి ఇది అంతకు ముందుది కాదన్నారు. కొలత చూసే జారుడు ముల్లు పైకీ కిందికీ జరుగుతోందా, చెక్కా పలకా గొట్టమూ మొదట్నుంచీ కలిసి ఉన్నవేనా, బుడ్డి అడుగున తోలు ఎండి పాదరసం చెమరుస్తోందా, అన్నీ చూశారు. ఆఖర్న నాన్న పుస్తకాలు అడిగారు. నవంబరు 19 పేజీ దగ్గర చాలాసేపు ఉండిపోయారు. “వస్తువుకి రెండున్నర వేలు, పుస్తకాలతో కలిపి ఇస్తే నాలుగు వేలు,” అన్నారు. బేరం లేదు.

ఈ కబురు ఎలా తెలిసిందో, మద్రాసు వ్యాపారి మళ్ళీ దిగాడు. ఆరువేలిస్తా, లండన్‌కి ఓడలో పంపేస్తానన్నాడు. మా తమ్ముడు మెత్తబడ్డాడు. నేను ససేమిరా అన్నాను. 1972 చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన వస్తువు పురావస్తువు, దాన్ని ప్రైవేటు మనిషి దేశం దాటించకూడదు. చట్టం సరే, లోపలున్న పాదరసం పారబోసేవాడి చేతికి నాన్న చూసుకున్న వస్తువు ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు.

చివరికి పుస్తకాలతో కలిపి కెప్టెన్ గారికే ఇచ్చాం. తీసుకెళ్ళేటప్పుడు ఆయన అడుగున మర తిప్పుతూ పాదరసాన్ని గొట్టం పైకొస దాకా, కాస్త సందు మాత్రం ఉంచి, ఎక్కించారు. అప్పుడు తలకిందులు చేసి దుప్పట్లో చుట్టారు. నిలువుగా కదిలిస్తే లోపల పాదరసం ఊగి గాజు పగిలిపోతుంది. ఒలికిందా, గంధకం పొడి చల్లి ఎత్తాలి, చీపురు పెట్టకూడదు, ఆ ఆవిరి పీల్చకూడదు. మీరెక్కడన్నా కొంటే విమానంలో తేవాలని చూడకండి, ఎక్కనివ్వరు. పాదరసం అల్యూమినియాన్ని తినేస్తుంది. ఆయన రైల్లో రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని వెళ్ళారు.

నెలకి కార్డు రాశారు. వాళ్ళ ఇల్లు కొండవాలున ఉందట, బందరు అంకె కన్నా తక్కువ చూపిస్తోందట. వెయ్యడుగులకి దాదాపు అంగుళం చొప్పున లెక్కకట్టి కలుపుతూ, నాన్న పుస్తకంలో మిగిలిన ఖాళీ పేజీల్లోనే పదింటికీ నాలుగింటికీ రాస్తున్నానన్నారు. తర్వాత్తర్వాత ఏ వాయుగుండం పట్టినా కార్డొచ్చేది. అవన్నీ నా ట్రంకుపెట్టెలో ఉన్నాయి, రేపు తీసి చూపిస్తా.