మానిన గాయం వెనుక

బెంగుళూరు హూడి ప్రాంతంలో మేడలు కట్టే కూలీ ఒకరు పరంజా మీంచి పడ్డారనుకోండి. తల గాయం మానుతుంది, నడక వస్తుంది. కాని చెప్పిన పని ఇట్టే మరచిపోతారు, ఊరికే విసుక్కుంటారు. మేస్త్రీ సోమరి అంటాడు. ఇంట్లోవాళ్ళూ అదే మాట!

మెదడు దెబ్బతింటే ఏ శక్తి పోతుందన్న పరిశోధన పాతదే. మాట పోయిన ఒక రోగి మెదడును, అతడు చనిపోయాక, 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా పరిశీలించాడు. ఎడమవైపు ముందుభాగం చెడిపోయి ఉంది.

బెంగుళూరులో మానసిక వైద్యశాల, 1954లో ఏర్పడిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ 1974లో కలిసి నిమ్హాన్స్ అయ్యాయి. ఇలాంటి చోట పరీక్షించేవారికి ఒక చిక్కుంది. పాశ్చాత్యుల పరీక్షలు చాలావరకు చదువుకున్నవారిని దృష్టిలో పెట్టుకున్నవి. మన కూలీ తడబడితే అది దెబ్బ వల్లనా, బడికి వెళ్ళకపోవడం వల్లనా?

2004లో నిమ్హాన్స్‌కు చెందిన శోభిని రావు, సుబ్బకృష్ణ, గోపుకుమార్ వెలువరించిన పరీక్షల సంపుటిలో చదువురానివారికి, బడి చదువువారికి, కాలేజీ చదువువారికి వేర్వేరు ప్రమాణాలున్నాయి. ఒక పరీక్ష ఇది: ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరు? ఆవు, మేక, కుక్క... దీనికి పలకా బలపం అక్కర్లేదు కదా! ఆ కూలీ జవాబును బడి ముఖం చూడని ఆరోగ్యవంతుల జవాబులతోనే పోల్చి చూస్తారు.