ఠాణాకు దిగిన అధికారం

కరీంనగర్ నుంచి మల్యాల క్రాస్‌రోడ్డు మీదుగా జగిత్యాల పోయే దారి పొడుగునా వెట్టి, గడి అన్న మాటలు పెద్దవాళ్లు ఇంకా మరిచిపోలేదు. 1978 సెప్టెంబర్‌లో రైతు కూలీ సంఘాల జనం జగిత్యాల జైత్రయాత్రకు కదిలారు. వెట్టి పోవాలన్నారు, దొరల చేతిలోని బంజర్లు పేదలకు దక్కాలన్నారు. అక్టోబర్‌లో మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వం జవాబిచ్చింది: జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు ఇక కల్లోలిత ప్రాంతాలు.

దానికి ఆధారం 1948 నాటి చట్టం. ఒక్క నోటిఫికేషన్ చాలు. నిషేధాజ్ఞ ఉన్నచోట ఐదుగురు గుమిగూడితే, హెచ్చరించి, ప్రాణం పోయేలా కాల్చే అధికారం ఎస్సైకి వస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉందని నేను నమ్ముతాను. అధికారం సచివాలయం నుంచి ఠాణాకు ఒక్క కాగితంతో దిగింది. బాధ్యత మాత్రం ఠాణా నుంచి సచివాలయానికి ఎన్నడూ ఎక్కలేదు.

ఎక్కించే ప్రయత్నం అప్పటికే ఒకటి జరిగింది. 1975 జులైలో గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు చనిపోయారు. ఎన్‌కౌంటర్ అన్నారు పోలీసులు. పట్టుకుని కాల్చారని నిజనిర్ధారణ జరిపిన తార్కుండే కమిటీ తేల్చింది. 1977లో ఇలాంటి చావుల విచారణకు జస్టిస్ భార్గవ కమిషన్ వచ్చింది. ఎమర్జెన్సీ చీకట్లో జరిగిన చావుల గురించి సాక్షులు జనం ముందు నోరు విప్పడం, న్యాయవాది కన్నబిరాన్ పోలీసు అధికారులను నిలదీయడం ఈ రాష్ట్రంలో కొత్త. విచారణ మూసిన తలుపుల వెనక జరగాలని ప్రభుత్వం పట్టుబట్టింది. హక్కుల న్యాయవాదులు బయటికొచ్చేశారు, కమిషన్ మధ్యలోనే ముగిసింది. ఎమర్జెన్సీలో ముఖ్యమంత్రిగా ఉన్న జలగం వెంగళరావు తర్వాత కేంద్ర మంత్రి అయ్యారు.

ఆపైన పౌరహక్కుల సంఘం పట్టు వదల్లేదు. దాని ఫిర్యాదుల మీదే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997లో అన్ని రాష్ట్రాలకూ మార్గదర్శకాలు పంపింది. 2009 ఫిబ్రవరిలో హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రతి ఎన్‌కౌంటర్ చావుకూ కేసు కట్టాలని, ఆత్మరక్షణ అన్నది కోర్టులో రుజువు కావాలని చెప్పింది. సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది. 2014లో మరో కేసులో తానే నిబంధనలు పెట్టింది.

అయినా ఠాణా తీరు మారలేదు. 2017 జులైలో సిరిసిల్ల దగ్గర నేరెళ్లలో ఇసుక లారీ కింద ఒకరు నలిగి చనిపోయారు. ఊరివాళ్లు లారీలు తగలబెట్టారు. పట్టుకుపోయినవారిలో ఎక్కువమంది దళితులు; కస్టడీలో చిత్రహింసలు పెట్టారని చెప్పారు. ఒక ఎస్సై సస్పెండయ్యాడు. ఆ గాయాల సంగతి హైకోర్టు ముందుకు తెచ్చింది మళ్లీ పౌరహక్కుల సంఘమే.