గటక

గటక జొన్న లేదా మక్క రవ్వను నీళ్లలో చిక్కగా ఉడికించి చేసే తెలంగాణ వంటకం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో (2016 అక్టోబరు 11 వరకు కరీంనగర్ జిల్లా) వరి అన్నం నిత్యాహారం కాకముందు గ్రామీణుల కడుపు నింపిన తిండి ఇదే. గింజలను ఇసుర్రాయిలో రవ్వగా విసిరి, మరిగే ఎసరులో పోసి, అడుగంటకుండా కలుపుతూ ఉడికిస్తారు. చల్లతోనో పప్పుతోనో పచ్చిపులుసుతోనో తింటారు.

గటక తిన్నాక ఆకలి త్వరగా వేయదనే వాడుకమాటకు శరీరధర్మంలో ఆధారం ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, ఎండు మక్కల్లో 12, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. పొట్టు తీసేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది. రవ్వ పీల్చుకున్న నీరు ముద్ద పరిమాణాన్ని పెంచుతుంది. సాగిన జీర్ణాశయపు గోడ నుంచి వేగస్ నాడి మెదడుకు సంకేతం పంపుతుంది. బరక రవ్వలోని పిండిపదార్థం మెత్తని పిండిలో కంటే నెమ్మదిగా జీర్ణమవుతుంది. పెద్దపేగులో సూక్ష్మజీవులు పీచును పులియబెట్టినప్పుడు పుట్టే కొవ్వు ఆమ్లాలు ఆకలిని తగ్గించే జీఎల్‌పీ-1, పీవైవై హార్మోన్ల విడుదలను ప్రేరేపిస్తాయి. పలుచని అంబలిలో నీరెక్కువ, గింజ తక్కువ. దాని తృప్తి అంతసేపు నిలవదు.