పావు మైలు చీటీ

మా టీమ్‌లో ఇద్దరున్నారు. ఒకతనిది వెర్నా టర్బో, ఇంకొకతనిది వర్టస్ జీటీ. ఒకటి 160 పీఎస్, ఇంకోటి 150. టార్క్ చూస్తే 253, 250. అంటే దాదాపు కవల పిల్లలన్నమాట. స్టాండప్ అయిపోయినా, లంచ్‌కి వెళ్ళినా వీళ్ళ గొడవ ఒక్కటే. "0 నుంచి 100కి నీది ఎన్ని సెకన్లు బాసూ?" ఒకడు యూట్యూబ్ వీడియో చూపిస్తే రెండోవాడు ఇంకో పత్రిక టెస్టు తీస్తాడు. రెంటిలోనూ నంబర్లు వేరు. నాకైతే వాళ్ళ గొడవ కన్నా ఆ నంబరు మీదే ఆసక్తి ఎక్కువ. ఎవరు కొలిచారు దాన్ని? ఎలా కొలిచారు? ఎందుకు నమ్మాలి? పనిలో రోజూ బెంచ్‌మార్కులతో కుస్తీ పట్టేవాడిని కదా, ఆ దురద ఒక పట్టాన వదల్లేదు. తవ్వుకుంటూ పోతే అమెరికాలో ఎనభై తొంభై ఏళ్ళ కథ తగిలింది.

లాస్ ఏంజెలెస్‌కి ఉత్తరాన మొజావే ఎడారిలో మ్యూరాక్ అని ఎండిపోయిన చెరువు ఒకటుంది. నేల బల్లపరుపుగా, గట్టిగా ఉంటుంది. 1930లలో కుర్రాళ్ళు పాత ఫోర్డు బళ్ళు కారుచవకగా కొని, మడ్‌గార్డులు పీకేసి, ఇంజన్లు కెలికి అక్కడికి తోలుకెళ్ళేవాళ్ళు. ఎవడి బండి ఎంత స్పీడ్ అందుకుంటుందో చూసుకోవడం, సరదా పందెం. 1937లో ఈ కుర్రాళ్ళ క్లబ్బులన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి, సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్. పేరు మళ్ళీ చదవండి. రేసింగ్ అసోసియేషన్ కాదు, టైమింగ్ అసోసియేషన్! ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకి పందెం కన్నా గడియారం ముఖ్యం అని తోచడం నాకు భలే నచ్చింది. మనవాళ్ళు అయితే ముందు అధ్యక్షుడు ఎవరో తేల్చుకునేవాళ్ళు :)

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక సైన్యం నుంచి కుర్రాళ్ళు తిరిగొచ్చారు. చేతిలో కాస్త డబ్బు, చేతులకి మెకానిక్ పని కూడా వచ్చింది. ఎడారి దాకా ఎవడు పోతాడని ఊళ్ళోనే, సిగ్నల్ దగ్గర పక్కపక్కన ఆగి, ఆకుపచ్చ లైటు పడగానే తొక్కడం మొదలెట్టారు. దాంతో యాక్సిడెంట్లు, చావులు, పేపర్లలో తిట్లు. ఇక్కడే ఒక మంచి మలుపు. 1950లో పాపీ హార్ట్ అనే ఆయనా, ఆయన స్నేహితులూ సాంటా ఆనా విమానాశ్రయంలో ఒక రన్‌వే మాట్లాడుకుని ఆదివారాలు అక్కడే పందేలు పెట్టారు. రుసుము అర డాలరు. గడియారాలు పెట్టి మరీ కొలిచేవాళ్ళు. మరుసటి ఏడు, 1951లో, హాట్ రాడ్ పత్రిక సంపాదకుడు వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ మొదలుపెట్టాడు. 1953లో ఆ సంఘం తొలి పోటీ పొమోనాలో జరిగితే, ఆ ఊరి పోలీసులే పక్కనుండి సాయం చేశారు. రోడ్డు మీద చలాన్లు రాసే పోలీసులే! కుర్రాళ్ళని తిట్టి ఇంటికి పంపితే వాళ్ళు మానరు, ఇంకో వీధికి పోతారు అని ఆ పోలీసులకి అర్థమైంది.

మనకి ఈ సంగతి ఇంకా పూర్తిగా అర్థం కాలేదేమో అనిపిస్తుంది. రాయదుర్గంలో టీ-హబ్ చుట్టుపక్కల రోడ్ల మీద రాత్రిపూట బైక్ స్టంట్లు, పోలీసు కేసులు అని ఎన్నిసార్లు పేపర్లో చూళ్ళేదు? మన దేశంలో పద్ధతిగా డ్రాగ్ రేసులు జరిగే చోట్లు లేకపోలేదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకుంది, లోనావాలా దగ్గర ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద కూడా పెడుతున్నారు. కానీ గచ్చిబౌలి కుర్రాడికి శనివారం రాత్రి పదింటికి దగ్గరగా ఉండేది 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డే. చిక్కంతా అక్కడే ఉంది.

సరే, కథలోకి వద్దాం. డ్రాగ్ స్ట్రిప్ పొడవు పావు మైలు, అంటే 402 మీటర్లు. రెండు బళ్ళు నిలబడిన చోటు నుంచి తిన్నగా పోవాలి. మొదట్లో జెండా ఊపేవాళ్ళు, 1963 నుంచి క్రిస్మస్ ట్రీ అని రంగు లైట్ల స్తంభం వచ్చింది. పరుగు అయ్యాక డ్రైవర్ చేతిలో ఒక చీటీ పెడతారు, దాన్నే టైమ్ స్లిప్ అంటారు. ఇప్పటి చీటీలో లైటు పడ్డాక నువ్వు కదలడానికి పట్టిన సమయం, మొదటి 60 అడుగులకి పట్టిన సమయం, మధ్యలో ఇంకొన్ని, చివరికి మొత్తం సమయం, గీత దాటేటప్పటి వేగం అన్నీ విడివిడిగా ఉంటాయి. మన భాషలో చెప్పాలంటే ప్రొఫైలర్ అవుట్‌పుట్ లాంటిది. ఎక్కడ ఆలస్యం అయిందో దాచిపెట్టడానికి వీల్లేదు. 60 అడుగుల దగ్గరే వెనకబడితే టైర్లు జారాయి, ఇంజన్ని తిట్టుకుని లాభం లేదు.

ఆ చివరి వేగంలో ఒక చమత్కారం ఉంది. పావు మైలు చివర వేగాన్ని (గంటకి మైళ్ళలో) 234తో భాగించి, దాన్ని ఘనం చేసి, బండి బరువుతో (పౌండ్లలో) గుణిస్తే ఇంజన్ హార్స్‌పవర్ దాదాపుగా వచ్చేస్తుంది. రేసర్లు చాలాకాలంగా వాడే సూత్రం ఇది. అంచనాయే అనుకోండి, కానీ మంచి అంచనా. కంపెనీవాడు బ్రోషర్లో ఏం రాసుకున్నా సరే, తూకం, గడియారం ఉంటే చాలు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

1950ల చివరికి ఈ పిచ్చి డెట్రాయిట్‌కి పాకింది. అక్కడ క్రైస్లర్‌లో పనిచేసే కుర్ర ఇంజనీర్లు కొందరు రామ్‌చార్జర్స్ అని క్లబ్బు పెట్టి, ఆఫీసు అయిపోయాక సొంత డబ్బుతో 1949 నాటి ముసలి ప్లిమత్ కారుని రేసు బండి చేశారు. ఇంజన్లోకి గాలి పోయే గొట్టాలు పొడుగ్గా బానెట్ పైకి లేచి ఉండే ఆ వింత బండి 1959లో డెట్రాయిట్ జాతీయ పోటీలకి వచ్చింది. ఆ గుంపులోని టామ్ హూవరే తర్వాత 1964లో వచ్చిన ప్రసిద్ధ 426 హెమీ ఇంజన్‌కి ముఖ్య కారకుడు. సైడ్ ప్రాజెక్టు చివరికి ప్రోడక్షన్‌లోకి ఎక్కిందన్నమాట. (మా మేనేజర్ ఇది చదువుతారని ఆశ.)

పగలు ఆఫీసులో, ఆదివారం స్ట్రిప్ మీద. మరి మిగతా రాత్రుళ్ళు? వుడ్‌వర్డ్ అవెన్యూ మీద. డెట్రాయిట్ నుంచి పాంటియాక్ అనే ఊరి దాకా తిన్నగా పోయే వెడల్పాటి రోడ్డు అది. 1909లో దానిలో ఒక మైలు దూరం కాంక్రీటు వేశారు, అమెరికాలో అలాంటివాటిలో మొట్టమొదటిది. 1960లలో ఆ రోడ్డు పక్కన డ్రైవ్-ఇన్ హోటళ్ళలో బళ్ళు ఆపుకుని కబుర్లు, పక్క బండిని ఎగాదిగా చూడటం, ఆ తర్వాత సిగ్నల్ దగ్గర తేల్చుకోవడం. విశేషం ఏమిటంటే కార్ల కంపెనీల ఇంజనీర్లు కూడా ఇంకా మార్కెట్లోకి రాని సరుకుని రాత్రిపూట అక్కడికి తెచ్చి, మామూలు ఓనర్ల బళ్ళతో పోల్చుకునేవాళ్ళు. ఇప్పుడు ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ వైపు ఉంటున్న తెలుగువాళ్ళకి ఈ రోడ్డు బాగా తెలిసే ఉంటుంది. 1995 నుంచి ఆగస్టులో పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది చూడండి, డ్రీమ్ క్రూజ్ అని, ఆ రోజుల జ్ఞాపకంగానే అది.

ఇక అసలు కథానాయకుడు, పాంటియాక్ జీటీఓ. 1963 మొదట్లో జనరల్ మోటార్స్ పెద్దలు తమ కంపెనీలన్నిటినీ రేసులకి దూరంగా ఉండమన్నారు. మధ్యరకం సైజు బళ్ళలో ఇంజన్ 330 ఘనపుటంగుళాలు దాటకూడదని రూలు కూడా ఉంది. పాంటియాక్ చీఫ్ ఇంజనీర్ జాన్ డిలోరియన్ బృందం ఆ రూలులో సందు కనిపెట్టింది. రూలు కొత్త మోడళ్ళకే కదా, ఆప్షన్లకి కాదు కదా! టెంపెస్ట్ అనే మామూలు కారుకి 389 ఇంజన్‌ని (6.4 లీటర్లు) దాదాపు 300 డాలర్ల ఆప్షన్‌గా పెట్టి 1964 మోడల్‌గా వదిలారు. పేరు మాత్రం ఫెరారీ దగ్గర కొట్టేశారు. మొదటి ఏడాదే 32,450 అమ్ముడుపోయాయి.

ఈ అమ్మకాల వెనక జిమ్ వాంగర్స్ అనే ప్రకటనల ఆయన ఉన్నాడు. ఉత్త మాటకారి కాదు, 1960 జాతీయ పోటీల్లో స్వయంగా పాంటియాక్ తోలి గెలిచినవాడు. 1964 మార్చిలో కార్ అండ్ డ్రైవర్ పత్రిక కవర్ మీద జీటీఓ, ఫెరారీ జీటీఓ పక్కపక్కన పరిగెడుతున్నట్టు బొమ్మ వేసింది. (నిజానికి ఆ రెండిటికీ పోటీ జరగనేలేదు, ఉన్నది బొమ్మే.) లోపల పాంటియాక్ టెస్టు. 0 నుంచి 60 మైళ్ళకి 4.6 సెకన్లు, పావు మైలు 13.1 సెకన్లు, చివర వేగం 115 మైళ్ళు! షోరూంలో కొన్న బండి 15 సెకన్లకి అటూ ఇటూగా పరిగెత్తే రోజులవి. ఇప్పుడు ఇందాకటి లెక్క వేయండి. 115ని 234తో భాగించి ఘనం చేస్తే 0.119. బండి, డ్రైవరు కలిపి 3500 పౌండ్లు అనుకుంటే దాదాపు 415 హార్స్‌పవర్. కాగితం మీద ఉన్నదేమో 348. మిగతా 67 గుర్రాలు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

దశాబ్దాల తర్వాత ఆ గుట్టు వాంగర్సే విప్పాడు. టెస్టుకి ఇచ్చిన రెండు కార్లలో ఒకదాంట్లో 389 కాదు, ఇంకా పెద్దదైన 421 ఇంజన్ పెట్టి పంపారు. నాకు ఆశ్చర్యం మోసం చేసినందుకు కాదు. ఆ వ్యాసంలోనే, ఆ 115 అనే అంకెలోనే దొంగతనం అచ్చయి ఉంది కదా! పెన్సిలు, కాగితం ఉన్నవాడెవడైనా పట్టుకోవచ్చు. వెండర్ డెమోలో చూపించే సర్వరు, మనకి పంపే సర్వరు ఒకటి కాదని మనకి తెలీదా ఏంటి.

దీని వెంటే దీనికి పూర్తి ఎదురు రోగం కూడా పుట్టింది. బలమైన బళ్ళకి ఇన్సూరెన్స్ వాళ్ళు ప్రీమియం బాదడం మొదలెట్టాక, కంపెనీలు కొన్ని ఇంజన్ల బలాన్ని తక్కువ చేసి రాశాయి. హెమీ మీద 425 అని ఉండేది, స్ట్రిప్ మీద చూసినవాళ్ళెవరూ అది నమ్మలేదు. మొత్తానికి అప్పటి హార్స్‌పవర్ అంటేనే ఇంజన్ని బల్ల మీద పెట్టి, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్, ఆల్టర్నేటర్ లాంటివి లేకుండా కొలిచింది. 'నా లాప్‌టాప్ మీద బాగానే ఆడుతోంది' అనడం లాంటిదే. 1972 నుంచి అన్నీ తగిలించి కొలవడం మొదలైంది, కాగితాల మీద గుర్రాలన్నీ ఒక్కసారిగా చిక్కిపోయాయి. కాలుష్యం నియమాలు, 1973 చమురు కొరత కలిసి అసలు బళ్ళని కూడా చిక్కబెట్టాయి. కొన్నేళ్ళు చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

1980లలో మన సామ్రాజ్యం మొదలవుతుంది. బ్యూక్ గ్రాండ్ నేషనల్ అని నల్లటి కారు, చూడ్డానికి ముసలాయన బండిలా ఉంటుంది, లోపల 3.8 లీటర్ల టర్బో వీ6. ఇంధనం, ఇగ్నిషన్ అన్నీ కంప్యూటర్ చూసుకుంటుంది. ఓనర్లు ఏం చేశారంటే, ఆ కంప్యూటర్లో చిప్ తీసేసి తాము రాసుకున్న చిప్ పెట్టేవాళ్ళు. పాతికేళ్ళ క్రితం గాస్కెట్లు, జెట్లు మార్చినవాళ్ళ వారసులు ఇప్పుడు హెక్స్ ఫైళ్ళు మార్చారు. (ఇక్కడ మన బాబాయిల తరం ఆర్ఎక్స్ 100 సైలెన్సర్ కోసి పొంగిపోతున్న రోజులే అవి.) 1987లో వచ్చిన చివరి జీఎన్ఎక్స్ మోడల్ 547 బళ్ళే తయారయ్యాయి.

అక్కణ్ణుంచి టెస్లాకి ఒక్క అడుగే. 2019 డిసెంబరులో మోడల్ 3 లాంగ్ రేంజ్ ఓనర్లకి 2,000 డాలర్లు కడితే 0 నుంచి 60 సమయం 4.4 నుంచి 3.9 సెకన్లకి తగ్గే అప్‌డేట్ అమ్మారు. ఇంజన్ అదే, బ్యాటరీ అదే, మారింది కోడే. అంతకు ముందు నార్వేలో ఇంకో తగవు నడిచింది. పీ85డీ కారుకి దాదాపు 700 హార్స్‌పవర్ అని చెప్పి అమ్మారు. అది రెండు మోటార్ల శక్తి విడివిడిగా కూడితే వచ్చే మొత్తం. బ్యాటరీ ఒకేసారి అంత ఇవ్వలేదు. కొలుచుకుని చూసుకున్న ఓనర్లు ఊరుకోలేదు. 126 మంది కోర్టు దాకా వెళ్తే 2016 డిసెంబరులో కంపెనీ రాజీకొచ్చి డబ్బు కట్టింది. తర్వాత 2021లో వచ్చిన మోడల్ ఎస్ ప్లెయిడ్ 1.99 సెకన్ల అంకె పక్కన చిన్న అక్షరాల్లో 'మొదటి అడుగు తీసేసి' అని ఉంది. ఇది పూర్తి అబద్ధం కాదు. డ్రాగ్ స్ట్రిప్‌లో చక్రం కాంతి కిరణాన్ని వదిలాకే గడియారం కదులుతుంది, అప్పటికే బండి ఒక అడుగు జరిగి ఉంటుంది. అమెరికా పత్రికలు చాలాకాలంగా ఇలాగే లెక్కిస్తున్నాయి. కానీ ఆ అడుగు తీసేస్తే రెండు మూడు పదోవంతుల సెకను మిగులుతుంది. రెండు వీడియోల్లో నంబర్లు ఎందుకు కలవవంటే, సగం సార్లు కారణం ఇదే.

ఇంత జరుగుతున్నా అమెరికా చిన్న ఊళ్ళలో వారాంతాల్లో నడిచే ఆట ఒకటుంది, బ్రాకెట్ రేసింగ్. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పందేనికి ముందు నీ బండి పావు మైలు ఎంతలో పోతుందో నువ్వే అద్దం మీద రాయాలి. నాది 15.20 సెకన్లు, నీది 11.80 అనుకోండి, నాకు 3.40 సెకన్లు ముందే లైటు పడుతుంది. దాంతో పాత స్టేషన్ వ్యాగన్ కూడా హెమీని ఓడించవచ్చు. గొప్పకి పోయి తక్కువ సమయం రాశావా, అందుకోలేక ఓడతావు. కపటంగా ఎక్కువ రాసి దానికన్నా వేగంగా పోయావా, గీత ముందు దాటినా ఓడినట్టే. ఇద్దరూ రాసినదానికన్నా వేగంగా పోతే, తక్కువ తేడాతో తప్పినవాడిది గెలుపు.