కూపర్ బ్లాక్: మొద్దు కొసల అక్షరం, మారిన వినియోగం

ముద్రణ చరిత్ర రాసినవారి దృష్టి ఎక్కువగా గ్రంథముద్రణకు వాడిన అక్షరాల మీదనే నిలిచింది. ప్రకటనలకు, గోడపత్రాలకు, దుకాణాల పేరుపలకలకు వాడిన అక్షరాలకు వారు ఇచ్చిన స్థానం తక్కువ. అమెరికాలో 1922లో వెలువడిన 'కూపర్ బ్లాక్' అనే టైప్‌ఫేస్ ఈ రెండవ కోవకు చెందినది. నూరేళ్లు దాటినా వాడుకలో ఉన్న ఈ అక్షరాలను స్నేహశీలమైనవని, సరదా అయినవని వర్ణించడం పరిపాటి. ఆ గుణం అక్షరాకృతిలో పుట్టుకతోనే ఉందన్న భావన మాత్రం పరిశీలనకు నిలవదు.

ఆస్వాల్డ్ బ్రూస్ కూపర్ (1879–1940) ఒహాయో రాష్ట్రంలో జన్మించి, కాన్సాస్‌లో పెరిగాడు. చిత్రలేఖనం నేర్చుకోవాలని షికాగోలోని ఫ్రాంక్ హోమ్ పాఠశాలలో చేరాడు. అక్కడ అక్షరలేఖనం బోధిస్తున్న ఫ్రెడరిక్ గౌడీ ప్రభావం వల్ల బొమ్మల కంటే అక్షరాల వైపు మొగ్గాడు. 1904లో ఫ్రెడ్ బర్ట్ష్‌తో కలిసి 'బర్ట్ష్ అండ్ కూపర్' సంస్థను స్థాపించాడు. ప్రకటనల్లోని మాటలను టైపుతో కూర్చకుండా చేతితో గీసి ఇవ్వడంలో ఆయన దిట్ట. ప్యాకార్డ్ కార్ల ప్రకటనలకు ఆయన గీసిన అక్షరాల ఆధారంగా అమెరికన్ టైప్ ఫౌండర్స్ సంస్థ 1913లో ఒక టైపును పోతపోసింది. దానికి కారు పేరే పెట్టారు. గీసినవాని పేరు అందులో లేదు. షికాగోకు చెందిన బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ ఫౌండ్రీ 1919లో 'కూపర్ ఓల్డ్ స్టైల్'ను విడుదల చేయడంతో ఆ లోటు తీరింది. మూడేళ్ల తర్వాత దాని లావైన రూపంగా కూపర్ బ్లాక్ వచ్చింది.

రోమన్ అక్షరంలో గీతల కొసలకు ఉండే చిన్న అడ్డుగీతను సెరిఫ్ అంటారు. సాధారణంగా అది సన్నగా, పదునుగా ముగుస్తుంది. కూపర్ బ్లాక్‌లో అది నీటికి ఉబ్బిన గింజలా గుండ్రంగా ఉంటుంది. నిలువుగీతల అడుగుభాగం కూడా చదునుగా ఉండదు, కొద్దిగా కిందికి ఉబ్బి ఉంటుంది. 'ఓ' అక్షరం లోపలి ఖాళీ వెనక్కి వాలి ఉంటుంది; 'ఐ', 'జె' అక్షరాల మీది చుక్కలు సైతం కోలగా, వాలుగా ఉంటాయి. గీతల మందంలో తేడా తక్కువ, అక్షరాల లోపలి ఖాళీలు చిన్నవి, పంక్తి కిందికి దిగే కొసలు పొట్టివి. అందువల్ల పంక్తులను దగ్గరగా పేర్చినా ఒకదానికొకటి తగలవు. తెలుగు పాఠకునికి అక్షరపు గుండ్రదనంలో వింత తోచకపోవచ్చు. నిలువు, అడ్డ గీతల మీద ఆధారపడిన రోమన్ పెద్దక్షరాల్లో మాత్రం ఆ మెత్తదనం కొట్టొచ్చినట్లు కనబడుతుంది.

గ్రంథముద్రణ సంప్రదాయాన్ని గౌరవించే ముద్రాపకులకు ఈ అక్షరాలు రుచించలేదు. కానీ ప్రకటనదారులు వీటిని కోరి అడిగారు. ఇవి దూరదృష్టి గల ముద్రాపకులకు, దగ్గరి చూపు మాత్రమే గల వారి ఖాతాదారులకు ఉద్దేశించినవన్న చమత్కారం కూపర్ పేర ప్రచారంలో ఉంది. పోటీ సంస్థలు ఇటువంటి అక్షరాల కోసమే తొందరపడ్డాయి. 1925లో లాన్‌స్టన్ మోనోటైప్ సంస్థ కోరికపై 'గౌడీ హెవీఫేస్'ను రూపొందించినది కూపర్‌కు అక్షరాలు దిద్దించిన గౌడీయే కావడం విశేషం. శిష్యుని విజయానికి గురువు చేత జవాబు రాయించిన సందర్భాలు టైపు చరిత్రలో అరుదు.

కూపర్ బ్లాక్ మనుగడకు అసలు కారణం దాని మొద్దుదనంలోనే ఉంది. పదునైన సెరిఫ్ సీసంలో అరిగితే రూపం చెడుతుంది. నాసిరకం కాగితం మీద సిరా పాకితే అంచు అలుక్కుపోతుంది. కూపర్ బ్లాక్‌లో అరగడానికి పదును లేదు, అలుక్కుపోవడానికి అంచు లేదు. సీసపు అక్షరాల కాలం ముగిసి ఫోటో కంపోజింగ్ వచ్చినప్పుడు ఇతర అక్షరాలు కోల్పోయిన స్ఫుటత్వం దీనికి మొదటినుంచీ లేనిదే. పైగా లోహపు దిమ్మె అడ్డు తొలగడంతో అక్షరాలను ఒకదానికొకటి ఆనించి కూర్చే వీలు కలిగింది. 1970లలో ఇస్త్రీపెట్టె వేడితో టీషర్టులకు అంటించిన అక్షరాల్లోనూ కూపర్ బ్లాక్‌దే పెద్ద పీట. బట్ట సాగినా, ముడతపడినా అది పోల్చుకోదగినట్లే ఉంటుంది.

దీని అర్థచ్ఛాయలు మాత్రం వాడుకను బట్టి మారుతూ వచ్చాయి. 1920లలో అది వ్యాపారపు బిగ్గర గొంతు. 1966లో బీచ్ బాయ్స్ బృందం 'పెట్ సౌండ్స్' రికార్డు అట్టపై, పచ్చని పట్టీ మీద, అవే అక్షరాలు యువతరపు సంగీతానికి గుర్తయ్యాయి. 1968లో ప్రారంభమైన బ్రిటిష్ టెలివిజన్ ధారావాహిక 'డాడ్స్ ఆర్మీ' పేరును ఇవే అక్షరాల్లో చూపారు. అక్కడ అవి యుద్ధకాలపు వృద్ధ స్వచ్ఛంద సైనికుల హాస్యానికి తోడ్పడ్డాయి. 1995లో మొదలైన ఈజీజెట్ విమానాల మీద, నారింజ రంగు నేపథ్యంలో, చవక ప్రయాణానికి సంకేతమయ్యాయి. ఆకృతిలో చెప్పుకోదగిన మార్పు లేకుండానే భావం ఇన్నిసార్లు మారినప్పుడు, స్నేహశీలత అక్షరం సొంత గుణమనడం కంటే, ఈ వాడుకలన్నీ పేరుకొని దానికి సంక్రమించినదనడం సబబు.

ఈ మలి వాడుకలలో ఏదీ కూపర్ చూడలేదు. ఆయన మరణానంతరం కొన్ని దశాబ్దాలకు మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌తో పాటు వచ్చిన ఫాంట్ల వల్ల, టైపు పేటిక ముఖం చూడనివారి చేతికి కూడా కూపర్ బ్లాక్ అందింది. గ్రంథముద్రణకు ఉద్దేశించిన మూలరూపం, 1919 నాటి ఓల్డ్ స్టైల్, అంతటి ప్రచారానికి నోచుకోలేదు.